భౌతిక, రసాయనిక మార్పులు

రూపమో స్థితో మారినా పదార్థం అదే అయితే భౌతిక మార్పు. కొత్త పదార్థం పుడితే రసాయనిక మార్పు. మొదటిదానికి నెల్లూరు తీరంలో ఇస్కపల్లి ఉప్పు మళ్ళే సాక్ష్యం. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఎండకు నీరు ఆవిరై చిక్కబడేకొద్దీ ముందు జిప్సం, ఆపైన సోడియం క్లోరైడ్ స్ఫటికాలవుతాయి. మెగ్నీషియం లవణాలు అడుగునీటిలో మిగిలిపోతాయి, ఆ నీటి చేదుకు అవే కారణం. ఉప్పును నీళ్ళలో వేస్తే మళ్ళీ కరుగుతుంది. కరిగేటప్పుడు దాని అయాన్లు విడిపోతాయి కాబట్టి, ఈ రెండు మార్పుల మధ్య గీత బడి పుస్తకాల్లో కనిపించేంత గట్టిదేమీ కాదు.

పడవ మేకులకు పట్టే తుప్పు మాత్రం నిస్సందేహంగా రసాయనిక మార్పే: ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసి ఎర్రటి ఐరన్ ఆక్సైడ్‌గా మారతాయి. నీటిలో విద్యుత్ ప్రసరణను పెంచి, ఉప్పు ఆ చర్యను వేగవంతం చేస్తుంది.