కోటకు చట్టం ఉంది, వాడకు?

చారిత్రక కట్టడం ఏదని అడిగితే మాధవరం వైపు జనం ఆదోని కోటనో, 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదునో చూపిస్తారు. రెండూ కాపాడుకోవాల్సినవే. ఆ రాళ్లు మోసినవాళ్ల వాడల సంగతి ఎవరూ ఎత్తరు.

1958 కేంద్ర చట్టం కింద కట్టడానికి గుర్తింపు రావాలంటే దాని వయసు కనీసం నూరేళ్లు ఉండాలి. మాల, మాదిగ వాడల మట్టిమిద్దె అన్నేళ్లు నిలవాలంటే వానలకు ముందు పైకప్పుకు చౌడుమట్టి పోస్తూ ఉండాలి. గుంటూరు మిరపకోతకు వలసపోయే కుటుంబానికి ఆ తీరిక, ఆ డబ్బు ఎక్కడివి? మట్టిమిద్దె కూలితే రేకులు వేస్తారు. తప్పు వాళ్లది కాదు.

ఇంకో చిక్కు. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. మరమ్మతుకూ అర్జీ పెట్టుకోవాలి. పట్టా లేని పేదకు ఆ అర్జీ పెట్టడమే గండం. అందుకే పరిరక్షణ అంటే ఖాళీ చేయించడమేనని మావాళ్లు భయపడతారు.

యునెస్కో 2011 సిఫార్సు పట్టణ వారసత్వంలో జనజీవనాన్నీ కలిపింది. ఆ లెక్కన 1938లో మాచాని సోమప్ప పెట్టిన ఎమ్మిగనూరు నేతగాళ్ల సంఘమూ, మగ్గం గుంటలూ వారసత్వమే. వాడా అంతే.

మేము చెప్పేది ముందు నమోదు చేయమని. ఇంటి కొలతలు, ఫొటోలు, పెద్దల మాటలు, వాటితోపాటు ఏ బావి దగ్గరికి ఎవరిని రానివ్వలేదో కూడా.