హీట్ నంబరు లేని పూస

మన బడి నుంచి కొండాపూర్‌కు వెళ్లిన ఆ ఒక్కరోజు యాత్ర మా బ్యాచి మిత్రులు మరచిపోయి ఉండరు. తొమ్మిదో తరగతి. ఒకే బస్సు, కిక్కిరిసిన పిల్లలు, సద్ది డబ్బాల్లో పులిహోర. కోటగడ్డ మీద నిలబెట్టి మా సోషల్ సారు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇది దిబ్బ కాదురా, ఊరు. మీరు ఇంటి కప్పుల మీద నిలబడ్డరు."

మేం వింటేగా! వానకు కోసుకుపోయిన ఒక చిన్న గండిలో నాకు ఎర్రరాతి పూస ఒకటి కనబడింది, చింతగింజ కన్నా చిన్నది. తీసి జేబులో వేసుకున్నాను. కాసేపటికి మ్యూజియంలోకి వెళితే అద్దాల వెనుక అలాంటివే వరసగా పేర్చి ఉన్నాయి. సారుకు చెబితే కొడతారని భయపడి నోరు మెదపలేదు. ఆ పూస నాతో నలభై ఏళ్లకు పైగా ఉంది. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం అడిగినప్పుడు ముందుగా గుర్తొచ్చింది అదే.

కొండాపూర్ సంగతి మనలో చాలామందికి పేరు వరకే తెలుసు. హైదరాబాద్ రాష్ట్రంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడింది. దాని తొలి డైరెక్టర్ గులాం యాజ్దానీ. అజంతా చిత్రాల మీద గొప్ప గ్రంథాలు తెచ్చిన పండితుడు. 1940వ దశకం ఆరంభంలో ఆయన శాఖ కొండాపూర్‌లో తవ్వకాలు జరిపింది. బయటపడింది శాతవాహనుల కాలపు పట్టణం. ఇటుక కట్టడాలు, బౌద్ధ నిర్మాణాల ఆనవాళ్లు, కుండలు, తెల్లసుద్దతో చేసిన బొమ్మలు, గాజు పూసలు, రాతి పూసలు, సుమారు 2,000 నాణేలు దొరికాయి. వాటిలో రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా ఉంది. 2009 తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ మళ్లీ అక్కడ తవ్వింది.

ఇంజినీరుగా నన్ను ఆకట్టుకున్నది నాణేలు తయారుచేసిన ఆనవాళ్లు. కొండాపూర్‌ను టంకశాల ఉన్న ఊరుగా చరిత్రకారులు చెబుతారు. శాతవాహనుల నాణేల్లో సీసానివే చాలా ఎక్కువ. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. రాగికి 1,085 డిగ్రీలు కావాలి, అంటే బొగ్గు, కొలిమి, తిత్తి, ఊదేవాడు. ఈ రెండు పనులూ తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. తెల్లసుద్ద బొమ్మల్ని చూడండి. ముందు భాగానికి ఒక అచ్చు, వెనుక భాగానికి ఒక అచ్చు, లోపల బోలు. ఈ రోజు మన పటాన్‌చెరు షెడ్లలో రెండు ముక్కల అచ్చుతో చేసే పని వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

ఆ సరుకంతా ఇక్కడిది కాదు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం 'పెరిప్లస్' పడమటి తీరంలోని భరుకచ్ఛం రేవుకు రాగి, తగరం, సీసం దిగుమతి అయ్యేవని చెబుతుంది. పైఠణ్, తగర పట్టణాల నుంచి బండ్ల మీద సరుకు ఆ రేవుకు చేరేదనీ చెబుతుంది. తగర అంటే నేటి మహారాష్ట్రలోని తేర్. మనం ముంబై జాతీయ రహదారి పక్కన పెరిగినవాళ్లం. పడమటికి సరుకు పోవడం, రావడం ఈ నేలకు పాత అలవాటే.

ఇక నా పూస దగ్గరకు వస్తాను.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయి చదివే విశ్వవిద్యాలయానికి ఏదో పని మీద వెళ్లాను. ఆమె శాఖలో మధ్యాహ్న భోజన వేళ ప్రసంగాలు జరిగేవి. పిల్లలు, ప్రొఫెసర్లు టిఫిన్ డబ్బాలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఎవరో ఒక పరిశోధక విద్యార్థి తన పని గురించి అరగంట చెబుతాడు. ఆ రోజు ఒక అబ్బాయి పది పెంకులు బల్ల మీద పరిచాడు. "ఇవి తొమ్మిదీ ఏ పొరలో దొరికాయో తెలుసు. పదోది ఎవరో తెచ్చిచ్చారు, అన్నిటికన్నా అందమైనది అదే. కానీ దానితో నేను చెప్పగలిగేది చాలా తక్కువ" అన్నాడు. నా ముద్ద గొంతులో ఆగింది.

ఫౌండ్రీలో పనిచేసిన మిత్రులకు ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రతి కాస్టింగ్ మీద హీట్ నంబరు వేస్తాం. ఏ రోజు, ఏ ఫర్నేసు, ఏ మిశ్రమం అన్నది ఆ నంబరు చెబుతుంది. నంబరు చెరిగిపోతే ముక్క ఎంత బాగున్నా ఇన్‌స్పెక్టర్ పక్కన పెట్టేస్తాడు. లోహం చెడిపోయిందని కాదు, దాని పుట్టుక తెలియదని. పురావస్తువుకు పొర, లోతు, పక్కన ఏముంది అన్నవే హీట్ నంబరు. ఆ నంబరును నేను తొమ్మిదో తరగతిలో చెరిపేశాను.

చోటు తెలిస్తే ఏమవుతుందో కోటిలింగాల చూపిస్తుంది. గోదావరి ఒడ్డున ఆ ఊళ్లో శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి పేరున్న నాణేలు దొరికాయి. ఎక్కడివో నమోదయ్యాయి కాబట్టే శాతవాహనుల తొలి అడుగులు తెలంగాణలో పడ్డాయా అన్న చర్చ బలపడింది. అవే నాణేలు ఊరు పేరు లేకుండా ఏ పట్నం దుకాణంలోనో కనబడితే ఆ చర్చకు అంత బలం ఉండేదా?

ఆ తర్వాత ఒక ఆదివారం కొండాపూర్ వెళ్లి పూసను అక్కడి ఉద్యోగికి అప్పగించాను. అంతకుముందు భూతద్దంతో చూశాను. రెండు వైపుల నుంచి తొలిచిన రంధ్రం, నడుమ వెంట్రుక వాసి తేడా. గట్టి రాయిని అలా తొలిచిన చేయి మా టూల్‌రూమ్‌లో కూడా గౌరవం పొందేది. ఆయన కోప్పడలేదు. ఒక్కటే అడిగారు, "ఎక్కడ దొరికింది సార్?" గడ్డ మీదికి వెళ్లి చూపించబోయాను. నాకు ఆ గండి గుర్తే లేదు.

మన చుట్టూ ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. పటాన్‌చెరు ఒకనాటి పొట్టలకెరె, కల్యాణి చాళుక్యుల కాలంలో పేరున్న నగరం, జైనుల కేంద్రం. మన పెద్దలు 'పాటిగడ్డ' అనే ప్రతి దిబ్బా పాత ఊరే. పాటిమన్ను పొలానికి బలమని బండ్లకెత్తేవారు. ఇప్పుడు జేసీబీ వస్తుంది, ప్లాట్లు పడతాయి. బండి నెలల తరబడి తీసే మన్నును అది ఒక పూటలో తీసేస్తుంది. నా తరం ఈ ప్రాంతానికి కార్ఖానాలు తెచ్చింది, జీతాలు తెచ్చింది, నక్కవాగు నీళ్లను కూడా మార్చింది. రేపు మన పొరను తవ్వేవాళ్లకు మనం ఏం వదులుతున్నామో కూడా ఆలోచించాలి.

మన సంఘానికి నాది ఒక చిన్న మనవి. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని కొండాపూర్ తీసుకెళ్లే బస్సు ఖర్చు మనం పెట్టుకుందాం. నెలకొకసారి బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట మాట్లాడే మనిషిని పిలుద్దాం. పరిశోధకుడు కావచ్చు, కుమ్మరి కావచ్చు, ఊరి గడ్డల పేర్లు తెలిసిన రైతు కావచ్చు. పిల్లలకు ఒక్క మాట నేర్పుదాం. ఏదైనా కనబడితే తీయకు, అక్కడే ఉంచి సారుకు చెప్పు. అధ్యాపకులకు కూడా ఒక మాట. చెప్పడానికి వచ్చిన పిల్లవాణ్ణి కొట్టకండి.

మా సోషల్ సారు ఇప్పుడు లేరు. ఉంటే ఈ సంగతి ముందు ఆయనకే చెప్పేవాణ్ణి. బహుశా ఆయన కూడా "ఎక్కడ దొరికిందిరా?" అనే అడిగేవారు.