మలయా చైనీయులు: బడి యిచ్చిన మాతృభాష

మలయాలోని చైనీయులు మాతృభాషా విద్యకై సల్పిన పోరాటము సుప్రసిద్ధము. అయినను వారు కాపాడుకొనిన మండారిను, వారిలో పెక్కుమంది తల్లుల భాష కాదు. ఈ వైచిత్ర్యమునే యిచ్చట పరిశీలింపదలచితిమి.

19వ శతాబ్దమున దక్షిణ చైనానుండి పెనాంగు, మలక్కా ప్రాంతములకు వలసవచ్చినవారు హొక్కియన్, కాంటనీస్, హక్కా, టియోచూ మున్నగు భాషలవారు. ఒకరి మాట వేరొకరికి బోధపడదు. వ్రాత మాత్రము అందరిదియు నొక్కటే. నాటి బడులు ఆయా ప్రాంతీయ సంఘముల పోషణలో నుండి, తమతమ ఉచ్చారణముతోనే ప్రాచీన గ్రంథములను వల్లె వేయించుచుండెను.

20వ శతాబ్దారంభమున ఈ స్థితి మారెను. 1904లో పెనాంగున చుంగ్ హ్వా పాఠశాల వెలసి, ఆధునిక విద్యకు దారితీసెను. 1911 నాటి విప్లవానంతరము చైనానుండి వచ్చిన ఉపాధ్యాయులును, పాఠ్యపుస్తకములును మండారినును జాతీయభాషగా వ్యాపింపజేసిరి. ఈ బడులలో రాజకీయ ప్రబోధమును శంకించిన ఆంగ్లపాలకులు 1920లో పాఠశాలల నమోదును నిర్బంధము చేసిరి.

1951లో బార్న్స్ నివేదిక మలయ్, ఆంగ్లమాధ్యమములు గల ఉమ్మడి బడులను సూచింపగా, అదే యేట ఫెన్-వూ నివేదిక చైనీయ పాఠశాలల మనుగడను సమర్థించెను. ఆ సంవత్సరముననే ఉపాధ్యాయ సంఘముల సమాఖ్యయు, 1954లో పాఠశాలా పాలకవర్గముల సమాఖ్యయు నేర్పడెను. 1957 నాటి శాసనము ప్రాథమిక విద్యలో చైనీయ మాధ్యమమునకు చోటిచ్చెను. 1961 నాటి శాసనమో, ఉన్నత పాఠశాలలు మాధ్యమమును మార్చుకొననిచో ప్రభుత్వ ధనసహాయము లేదనెను. పెక్కు పాఠశాలలు మారెను. కొన్ని స్వతంత్రముగా నిలిచెను. శాసనము నెదిరించిన ఉపాధ్యాయ నాయకుడు లిమ్ లియన్ గెయోక్ బోధనానుమతిని, తుదకు పౌరసత్వమును కోల్పోయెను. స్వతంత్ర పాఠశాలలు 1975లో తమ ఉమ్మడి పరీక్షను ప్రారంభించినవి.

మండారిను ఏ యొక్క వర్గపు సొత్తును గాకపోవుటచేతనే అందరి సొత్తు కాగలిగెనని మా యభిప్రాయము. అయితే దీనికి మూల్యము లేకపోలేదు. బడిలో గెలిచిన భాష క్రమముగా ఇంటిలోనికిని ప్రవేశించి, అవ్వతాతల హొక్కియనును, హక్కాను మనుమల నోటినుండి తొలగించుచున్నది. కాపాడిన భాషయే మరికొన్నిటిని మరుగుపరచినది.

ఆ దేశమున మన తెలుగు కార్మికుల చరిత్రయు నీ సందర్భమున స్మరణీయము. సమాఖ్య రాష్ట్రములలో 1923 నాటి కార్మికశాసనము తోటల యజమానులపై బడులు నెలకొల్పు బాధ్యతను మోపెను. వానిలో అధికము తమిళ బడులు. తెలుగు బడులు కొలదిమాత్రమే. తోటబడికి యజమాని ఆధారము. చైనీయుల బడికి సంఘమే ఆధారము. ప్రవాసమున భాష నిలుచుటకు భాషాభిమాన మొక్కటియే చాలదనియు, బడిని మోయు భుజములెవ్వరివో విచారింపవలయుననియు ఈ రెండు చరిత్రలును మనకు తెలుపుచున్నవి.