భద్రాచలం నియోజకవర్గం: మన ఓటు, మన సరిహద్దు



మన గూడేల్లో ఎన్నికలంటే అభ్యర్థి పేరు, గుర్తు, ఎవరు గెలుస్తారన్న లెక్క. నియోజకవర్గం గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాన్ని ఎవరు గీశారో అడిగేవాళ్ళు తక్కువ. గోదావరి, శబరి ఒడ్డున ఉన్న కోయ, కొండరెడ్డి గూడేలకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. మనం ఊరు కదలకపోయినా మన మీద పాలన చాలాసార్లు మారింది. భద్రాచలం నియోజకవర్గం కథ తెలిస్తే ఆ మార్పుల వల్ల మన ఓటుకు ఏమైందో అర్థమవుతుంది.

ముందు పాత చరిత్ర. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి, చర్ల, నూగూరు, ఆల్బాక ప్రాంతాలు ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేవి. 1860లో నిజాం వీటిని బ్రిటిష్ వారికి అప్పగించాడు. వారు వీటిని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. నూగూరు, ఆల్బాక, చర్ల 1909లో మద్రాసులో చేరాయి. ఈ మార్పులన్నీ ప్రభుత్వాల మధ్య కాగితాల మీద జరిగాయి. ఏ గూడెం పెద్దనూ పిలిచి అడగలేదు.

స్వాతంత్ర్యం తర్వాత మనకు ఓటు వచ్చింది. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో భద్రాచలం ప్రాంతం వాళ్ళు మద్రాసు శాసనసభకు ఓటేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1955లో ఆంధ్ర శాసనసభకు ఓటేశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోనే జరిగాయి. అప్పటికి భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలో ఉంది కాబట్టి మనవాళ్ళు మళ్ళీ ఓటేసింది 1962లో. ఈలోగా 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను పరిపాలన సౌలభ్యం కోసం ఖమ్మం జిల్లాలో కలిపారు. అంటే పదేళ్ళలో మూడు రాష్ట్రాలు, రెండు జిల్లాలు చూశాం.

రాజ్యాంగంలోని 332వ అధికరణం శాసనసభల్లో షెడ్యూల్డ్ తెగలకు సీట్లు కేటాయించింది. ఎస్టీ రిజర్వుడు స్థానంగా భద్రాచలం నుంచి 1978, 1983లో సీపీఎం తరఫున ముర్ల ఎర్రయ్యరెడ్డి గెలిచారు. 1985, 1989, 1994లో వరుసగా కుంజా బొజ్జి గెలిచారు. 1999, 2004లో సున్నం రాజయ్య, 2009లో కాంగ్రెస్ నుంచి కుంజా సత్యవతి గెలిచారు. ఏ పార్టీ వారైనా వీళ్ళు మన మధ్య నుంచి వెళ్ళినవారు. బొజ్జి, రాజయ్యలది నిరాడంబర జీవితం అని పార్టీలకు అతీతంగా అందరూ ఒప్పుకుంటారు. పోడు భూములు, పోలవరం ముంపు సభలో మన సమస్యలుగా వినిపించాయంటే అందుకు ఈ సీటు కారణం.

ఇక 2014. ఆ ఏడాది ఏప్రిల్ 30న తెలంగాణ ప్రాంతంలో పోలింగ్ జరిగింది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, వాజేడు, వెంకటాపురం మండలాల ప్రజలు కలిసి ఓటేసి సున్నం రాజయ్యను మూడోసారి గెలిపించారు. జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. దానికి కొద్ది రోజుల ముందు, మే నెలాఖరులో, కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, భద్రాచలం పట్టణం మినహా మిగిలిన భద్రాచలం మండలం అటు వెళ్ళాయి. అశ్వారావుపేట నియోజకవర్గంలో ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు కూడా వెళ్ళాయి.

ఫలితం ఏమిటో చూడండి. రాజయ్య సొంత ఊరు వి.ఆర్.పురం మండలంలో ఉంది. ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, ఆయన సీటు తెలంగాణ సభలో. అక్కడి జనం పింఛను కోసమో, రోడ్డు కోసమో అర్జీ పెట్టుకోవాల్సింది ఆంధ్ర ప్రభుత్వానికి. వాళ్ళ ఓట్లతో గెలిచిన ఎమ్మెల్యే మాత్రం ఆ ప్రభుత్వాన్ని సభలో నిలదీయలేరు. 2019 ఎన్నికలు వచ్చేదాకా ఆంధ్ర శాసనసభలో వాళ్ళు ఓటేసి పంపిన సభ్యుడు ఒక్కరూ లేరు. ప్రాజెక్టు పరిహారం, పునరావాసం నిర్ణయమవుతున్న కాలం అది. ముంపులో ఉన్నవాళ్ళ గొంతు అత్యవసరమైన ఆ సమయంలోనే ఆ గొంతుకు సభలో చోటు లేకుండా పోయింది.

2019 ఎన్నికల నాటికి చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, యటపాక మండలాలు రంపచోడవరం నియోజకవర్గంలో చేరాయి. కుక్కునూరు, వేలేరుపాడు పోలవరం నియోజకవర్గంలో చేరాయి. రాజయ్య ఈసారి రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయారు. 2020 ఆగస్టులో కరోనాతో కన్నుమూశారు. 2014లో మహబూబాబాద్ ఎంపీకి ఓటేసిన చింతూరు వాసి 2019లో అరకు ఎంపీకి ఓటేశాడు. ఆ అరకు లోక్‌సభ స్థానం చింతూరు నుంచి ఉత్తరాంధ్రలోని పాలకొండ దాకా సాగుతుంది. జిల్లా కేంద్రం ఖమ్మం నుంచి కాకినాడకు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరుకు మారింది.

ఇటువైపు మిగిలిన భద్రాచలం కూడా చిన్నదైంది. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల ఒక జిల్లాలో, వాజేడు, వెంకటాపురం ములుగు జిల్లాలో ఉన్నాయి. తెలంగాణలో అతి తక్కువ ఓటర్లున్న నియోజకవర్గం ఇదే. పట్టణాన్ని ఆనుకుని ఉన్న యటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు ఆంధ్రలో ఉన్నాయి. వాటిని తిరిగి ఇవ్వాలన్న డిమాండ్ ఇప్పటికీ ఉంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ఒకే వరద రెండు రాష్ట్రాల గూడేలనూ ముంచింది. సాయం మాత్రం రెండు ప్రభుత్వాల లెక్కల్లో వేరుగా వచ్చింది.

ఇదంతా ఏ రాష్ట్రం మంచిది అన్న వాదన కోసం మేము రాయడం లేదు. మా సంఘంలో గీతకు రెండు వైపులవాళ్ళం ఉన్నాం. పెళ్ళిళ్ళు, పండుగలు, కొలుపులు ఇప్పటికీ కలిసే చేసుకుంటున్నాం. మేము చెప్పదలచుకున్నది ఒకటే: రిజర్వేషన్ మనకు సీటు ఇస్తుంది, ఆ సీటుకు బలం ఇచ్చేది సరిహద్దు. పక్కపక్కన ఉన్న ఆదివాసీ గూడేలను ముక్కలు చేసి వేర్వేరు చోట్ల కలిపితే, రిజర్వుడు సీటు పేరుకు ఉన్నా మన మాట పలచబడుతుంది.

ఇది పాత కథ అనుకోకండి. నేడు తెలంగాణలో 12, ఆంధ్రప్రదేశ్‌లో 7 ఎస్టీ శాసనసభ స్థానాలున్నాయి. ఇవి 2001 జనాభా లెక్కల ఆధారంగా 2008లో ఖరారైన పునర్విభజన నుంచి వచ్చినవి. 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం సీట్ల సంఖ్యను మళ్ళీ లెక్కించేది 2026 తర్వాత జరిగే మొదటి జనగణనతోనే. ఎస్టీ సీట్ల సంఖ్యకు రాష్ట్ర జనాభాలో మన వాటా ఆధారం. ఏ నియోజకవర్గం ఎస్టీకి దక్కాలన్నదానికి అక్కడ మన నిష్పత్తి ఆధారం. పోలవరం నిర్వాసితులు ఏజెన్సీ బయటి కాలనీలకు వెళ్ళి అక్కడే లెక్కలోకి వస్తే ఆ నిష్పత్తి మారుతుంది.

కాబట్టి మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జనగణనకు వచ్చినప్పుడు ప్రతి ఇంట్లో తెగ పేరు సరిగా రాయించండి. పద్దెనిమిది నిండినవాళ్ళ పేర్లు ఓటరు జాబితాలో ఉన్నాయో లేదో బీఎల్ఓ దగ్గర చూడండి. ఊరు మారిన నిర్వాసిత కుటుంబాల పేర్లు రెండు చోట్లా పోకుండా చూసుకోండి. 2002 నాటి పునర్విభజన చట్టం కింద కమిషన్ ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణలు జరపాల్సి వచ్చింది. ఈసారీ అలాంటి అవకాశం వస్తే పటం చేతబట్టుకుని వెళ్ళండి. మన గూడేలు ఏ వాగు వెంట, ఏ సంత చుట్టూ కలిసి బతుకుతున్నాయో మీరే చెప్పండి. ముందుగా గ్రామసభలో తీర్మానం చేయించి, దాని నకలు దగ్గర పెట్టుకోండి.

1860లో మన తాతలను ఎవరూ అడగలేదు. 2014లో మనల్ని కూడా అడగలేదు. తాతలకు లేని ఓటు, చదువు, చట్టం మనకున్నాయి. రాబోయే గీత గీసేముందు మనమే ముందు వెళ్ళి మన మాట నమోదు చేయిద్దాం.