శూన్యమా, అజ్ఞాతమా?



'రాముడు', 'అతడు' కలిసి 'రాముడతడు' అయినప్పుడు ఉకారం లోపించింది. కనబడకపోయినా, పోయినదేదో మనకు తెలుసు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి కనుక, డేటాబేసులవారు లేమిని ఎట్లా వ్రాసుకొన్నారో చూడాలనిపించింది.

ఒక పట్టికలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నదనుకొందాం. ఆ మనిషికి ఇంటిపేరు లేదా, లేక ఉన్నా మనకు తెలియదా? మొదటిది ఖాళీ పదం. అందులో అక్షరాలు సున్న అని తెలిసే ఉన్నది. రెండవదానికి విలువే లేదు. దానినే నల్ అన్నారు.

ఈ పట్టికల పద్ధతికి మూలపురుషుడు ఐబీఎమ్‌లో పనిచేసిన ఎడ్గార్ కాడ్. ఆయన మూలవ్యాసం 1970లో వెలువడింది. 1979 నాటి వ్యాసంలో నల్‌ను చర్చిస్తూ, నిజం, అబద్ధాలకు తోడు 'తెలియదు' అనే మూడవ ఫలితాన్ని విచారించారు. రెండు నల్‌లు సమానమా అంటే జవాబు 'తెలియదు' అనే! అంతటితో తృప్తిపడక, 1990 నాటి గ్రంథంలో 'ఉన్నది గాని తెలియదు', 'అసలు వర్తించదు' అని రెండు గుర్తులు ప్రతిపాదించారు. అభావాన్ని నాలుగు విధాలుగా విభజించిన మన నైయాయికులు వింటే 'రెండేనా?' అని ఉందురు. ఎస్‌క్యూఎల్ భాష మాత్రం ఒక్క నల్‌తో సరిపెట్టుకొన్నది.

1979లోనే విపణికెక్కిన ఒరాకిల్ ఖాళీ పదాన్ని కూడా నల్‌గానే ఎంచుతుంది, నేటికీ. పండితుడిగా నాకిది మింగుడుపడదు.

కామాల ఫైలును ఎక్కించేటప్పుడు చిక్కు ముదురుతుంది. రెండు కామాల నడుమ ఏమీ లేకపోతే దానిని పోస్ట్‌గ్రెస్ నల్ అంటుంది. అక్కడ ఖాళీ కొటేషన్ గుర్తులుంటే ఖాళీ పదమంటుంది. మైసీక్వెల్ ఆ ఖాళీని ఖాళీ పదంగానే తీసుకొంటుంది. నల్ కావాలంటే వెనుకకు వాలిన గీత, దాని ప్రక్కన పెద్ద 'ఎన్' వ్రాయాలి. అంకెల గడి అయితే, కఠిన పద్ధతి విధించనప్పుడు, సున్న వేస్తుంది. వయస్సు తెలియని ముసలివాడు అప్పుడే పుట్టిన శిశువవుతాడు!

పాస్‌పోర్టులో ఒకే పేరున్న మనవారికి అమెరికా వీసాలో ఆ పేరు ఇంటిపేరు గడిలో చేరుతుంది. రెండవ గడిలో 'ఎఫ్‌ఎన్‌యు' అని పడుతుంది. అంటే 'మొదటి పేరు తెలియదు'. అతనికి ఇంకొక పేరు లేదన్న సంగతి తెలిసినదే. అయినా అక్కడి కాగితాలలో ఆ మూడక్షరాలే పేరై, అతని వెంట తిరుగుతుంటాయి.