లోక్రోనాను గ్రామము

ఫ్రాన్సుదేశపు పడమటి కొసయందు బ్రిటనీ యను సీమ గలదు. అచ్చటి లోక్రోనాను గ్రామమున నడుమ నొక విశాలమైన బయలు; అందొక నుయ్యి; చుట్టును బూడిదవన్నె రాతి మేడలు; ఒక ప్రక్కను 15వ శతాబ్దమునాటి క్రైస్తవ దేవాలయము. చిన్న పల్లెకు ఇంతటి మేడ లెట్లు వచ్చినవి?

మగ్గముల వలన వచ్చినవి. అచ్చటి సాలెవారు గంజాయిజాతి మొక్క నారతో (అది మత్తునకు గాదు, నారకే పెంచునది) ఓడల తెరచాపలకు ముతకగుడ్డ నేసెడివారు. 16, 17 శతాబ్దములలో ఫ్రెంచివారే గాక ఇంగ్లీషు, స్పెయిను నావికులును దానిని కొనిరి. పూల్డవిడ్ రేవునుండి వచ్చుటచే ఇంగ్లీషువారు ఆ గుడ్డకు ‘పోల్డేవీ’ యని పేరిడిరి. 1664లో నేర్పడి, 1669లో మన మచిలీపట్టణమున వర్తకశాల తెఱచిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీకి ఈ బయలునందు కచేరి యుండెడిది.

పిమ్మట ఇతర పట్టణముల మగ్గములు పోటీకి వచ్చినవి. 18వ శతాబ్దమున వర్తకము క్షీణించెను, సాలెవారు పేదలైరి. పాతయిల్లు పడగొట్టి క్రొత్తది కట్టుటకు ధన మెవరికిని లేకపోయెను. ఆ లేమియే మేడలను కాపాడినది! నేడు యాత్రికులు మెచ్చు సొగసునకు నాటి సాలెవాని ఆకలి మూల్యము.

ఆఱేండ్ల కొకమాఱు జూలైలో గ్రామస్థులు రోనాను మునీశ్వరుని పేర పండ్రెండు కిలోమీటర్ల ప్రదక్షిణము చేయుదురు. త్రోవలో కొండ యెక్కినచో అఖాతము కానవచ్చును. పూల్డవిడ్ రేవు ఆ తీరముననే యున్నది.