లెక్కలోకి రాని మంటలు

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. కరీంనగర్‌లో చరిత్ర పాఠాలు చెప్పిన సంవత్సరాల్లో ఈ వారాన్ని చాలాసార్లు దగ్గర నుంచి చూశాను. ఎర్రబండి వచ్చి కాలేజీ ఆవరణలో ఆగేది. ఇనుప తొట్టిలో నూనె పోసి అంటించి, నురగ చల్లి ఆర్పి చూపించేవాళ్లు. సిలిండర్ మూతి దగ్గర మంట లేపి, తడి గోనెసంచి కప్పి ఆర్పేవాళ్లు. గాలి అందకపోతే మంట బతకదని చెప్పేవాళ్లు. ఆ తర్వాత జాగ్రత్తల జాబితా చదివేవాళ్లు. వంట చేసేటప్పుడు నూలు చీర కట్టుకోవాలి, కొంగు దోపుకోవాలి, రాత్రి రెగ్యులేటర్ కట్టెయ్యాలి, చంటిపిల్లల్ని పొయ్యి దగ్గరకు రానియ్యొద్దు. అన్నీ అవసరమైన మాటలే. అయితే ప్రతి వాక్యమూ "ఆడవాళ్లు జాగ్రత్తగా ఉండాలి" అనే అర్థంతోనే మొదలయ్యేది. నిప్పు పుట్టించేదీ వాళ్లే, అజాగ్రత్తగా కాలిపోయేదీ వాళ్లే, ఆర్పడానికి మాత్రం వేరే ఎవరో రావాలి. ఈ పంపకం ఎప్పటిది? దీని వెనకాల ఉన్న చరిత్ర ఏమిటి?

వారోత్సవాలకు ఆ తేదీ ఎందుకు పెట్టారో మొదట చూద్దాం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ తగలబడింది. అందులో పత్తి బేళ్లూ, పేలుడు పదార్థాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఓడ పేలిపోయి, మంటలార్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ల త్యాగాన్ని తలుచుకోవడానికే ఈ వారం. తలుచుకోవలసిందే. దాంతోపాటు గమనించవలసింది మరొకటి ఉంది. ఆధునిక అగ్నిమాపక వ్యవస్థ రేవులూ, మిల్లులూ, గోదాములూ, బజార్లూ ఉన్నచోట పెరిగింది. అందుకే దాని నివేదికల్లో ఇప్పటికీ ప్రధానమైన పద్దులు రెండు: కాలిపోయిన ఆస్తి విలువ, కాపాడిన ఆస్తి విలువ.

ఉత్తర తెలంగాణలో ఈ ఆస్తి ఏ రూపంలో ఉంటుందో మనకు తెలుసు. ఆదిలాబాద్‌లో పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు. సిరిసిల్లలో మరమగ్గాలు. ఎండాకాలం వస్తే ఊళ్లలో గడ్డివాములు, గుడిసెలు, తునికాకు కల్లాలు, అడవి. ఫైరింజన్ వచ్చేలోపు గుడిసె బూడిదవుతుంది కాబట్టి ఊరి మనుషులే బావి నుంచి, బోరింగు నుంచి నీళ్లు మోసి పక్కిళ్లను కాపాడుకుంటారు. ఆ బిందెల వరసలో ఎవరుంటారో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నీళ్లు మోసే పని ఎవరిదో మంటలార్పే పనీ వాళ్లదే అవుతుంది. మంట ఒంటికి అంటుకున్న మనిషి మీద గొంగడి కప్పాలనీ, ఉన్ని తొందరగా అంటుకోదనీ గొల్లకురుమల ఇళ్లలో ముసలమ్మలకు ఏ శిక్షణా లేకుండానే తెలుసు. ఈ జ్ఞానం ఏ శాఖ నివేదికలోకీ ఎక్కలేదు.

ఈ రెండు జిల్లాలకు ఇంకో నిప్పు కూడా ఉంది. అది భూమి కింద ఉంది. 2016లో జిల్లాలు విడిపోయాక పెద్దపల్లి, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోకి వెళ్లిన గోదావరిఖని, బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతాలన్నీ సింగరేణి బొగ్గు మీద పుట్టిన ఊళ్లే. బొగ్గుకు ఒక గుణముంది. గాలి తగులుతూ ఉంటే తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. కంటికి మంట కనిపించకముందే కార్బన్ మోనాక్సైడ్ మనుషుల్ని చంపుతుంది. అందుకే గనుల్లో రక్షణ కోసం ప్రత్యేక కేంద్రాలుంటాయి. ఆక్సిజన్ పరికరాలు మోసుకుని పొగలోకి వెళ్లే శిక్షణ పొందిన బృందాలుంటాయి. వాళ్లు మాటిమాటికీ సాధన చేస్తూ ఉండాలి. రాజుకున్న భాగాన్ని గోడలు కట్టి మూసెయ్యాలి. ఇదంతా ఎవరి దయ మీదో ఆధారపడలేదు. 1985 గనుల రెస్క్యూ నియమాలు దాన్ని యాజమాన్యానికి బాధ్యతగా పెట్టాయి. అయినా ప్రమాదాలు ఆగలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అయితే గనిలో చావుకు ఒక పేరుంది, ఒక విచారణ ఉంది, నష్టపరిహారం ఉంది, అడగడానికి యూనియన్ ఉంది.

ఆ గనుల్లోకి ఆడవాళ్లు దిగకుండా చట్టం అడ్డుపెట్టింది. 1935 నాటి అంతర్జాతీయ కార్మిక ఒప్పందాన్ని మన దేశం 1938లో ఆమోదించింది. బ్రిటిష్ ఇండియాలో ఆ నిషేధం ఎంత నిజాయితీ కలదో 1943లో తేలిపోయింది. యుద్ధకాలంలో బొగ్గు కావలసి వచ్చి ఆడవాళ్లను మళ్లీ గనుల్లోకి దింపారు. అవసరం తీరాక 1946లో మళ్లీ బయటికి పంపారు. స్వతంత్ర భారతంలో 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భంలో పనికి పెట్టుకోవడాన్ని నిషేధించింది. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ ఉద్యోగాల వరకు సడలింపు వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌తో అన్ని రకాల పనులకూ దారి తెరుచుకుంది. అంటే దాదాపు 70 ఏళ్లు, "ప్రమాదం నుంచి రక్షణ" అన్న పేరుతో ఉద్యోగమే లేకుండా పోయింది.

ఇక్కడే నాకొక ప్రశ్న పుడుతుంది. భూమి కింద నిప్పు నుంచి స్త్రీని కాపాడాలని అంత పట్టుదలగా ఉన్న రాజ్యం, భూమి మీద ఆమెను ఏ నిప్పు దగ్గర వదిలిపెట్టింది?

2009లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రాచీ సంఘవి, కవి భల్లా, వీణా దాస్ రాసిన అధ్యయనం వచ్చింది. 2001 ఒక్క ఏడాదిలో మన దేశంలో 1,63,000 మందికి పైగా కాలిన గాయాలతో చనిపోయారని వాళ్లు అంచనా వేశారు. అందులో దాదాపు 1,06,000 మంది స్త్రీలు. వాళ్లలో ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ల మధ్య వయసువాళ్లు. ఆ వయసులో ఒక మగవాడు చనిపోతే ముగ్గురు ఆడవాళ్లు చనిపోతున్నారు. ఈ మొత్తం అంకె పోలీసుల లెక్కకు ఆరు రెట్లు. ఆ ఏడాది మంటల్లో పోయిన మన పిల్లల్లో ఎక్కువమంది ఏ లెక్కలోకీ రాలేదన్న మాట. వాళ్లకు ఏ వారోత్సవమూ లేదు.

లెక్కలోకి వచ్చినవాళ్లయినా ఏ మాటగా వచ్చారు? "స్టవ్ పేలింది." ప్రమాద మరణాల మీద జాతీయ నేర గణాంక సంస్థ వేసే నివేదికల్లో గ్యాస్ సిలిండర్, స్టవ్ పేలుడుకు ఒక ప్రత్యేకమైన గడే ఉంది. గాలి కొట్టి వెలిగించే పంపు స్టవ్ పేలే అవకాశముంది, నిజమే. మన ఇళ్లలో ఎక్కువగా వాడింది వత్తుల స్టవ్. దానిలో ఒత్తిడి ఉండదు. అది ఒలుకుతుంది, అంటుకుంటుంది, బాంబులా పేలడం దాని స్వభావం కాదు. మరి స్టవ్ పేలితే వంటింటి గోడకు ఏమయింది? గిన్నెలు ఎక్కడ పడ్డాయి? అర్ధరాత్రి ఆమె ఏం వండుతోంది? గాసునూనె తల మీద నుంచి కిందికి ఎలా కారింది? ఇవి నిప్పు స్వభావం తెలిసిన మనిషి అడగవలసిన ప్రశ్నలు. మిల్లు తగలబడితే కారణం వెతుకుతారు, కరెంటు షార్టు సర్క్యూటా, బీడీ ముక్కా అని ఆరా తీస్తారు. మనిషి తగలబడితే మంటలు అప్పటికే ఆరిపోయి ఉంటాయి కాబట్టి ఫైరింజన్‌ను ఎవరూ పిలవరు. ఆమె దవాఖానకు, అక్కడి నుంచి పోలీసు కాగితాల్లోకి పోతుంది. నిప్పు గురించి తెలిసిన శాఖ ఆ దారిలో ఎక్కడా ఎదురుకాదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. వరకట్న నిషేధ చట్టం దేశమంతటికీ 1961లో వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 1958లోనే సొంత చట్టం ఉంది. మహిళా ఉద్యమాలు వీధుల్లోకి వచ్చాక 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు వచ్చాయి. 2024 జూలై 1 నుంచి ఇవే భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి. పెళ్లయిన 7 ఏళ్లలోపు జరిగిన చావుకే వరకట్న మరణం సెక్షన్ వర్తిస్తుంది. ఎనిమిదో ఏట కాలిన మనిషికి అది పనికిరాదు. ఇక మిగిలేది మరణ వాంగ్మూలం. ఒళ్లంతా కాలిన పిల్ల, మంచం చుట్టూ అత్తగారి తరపువాళ్లు, ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు. "మీ అమ్మానాన్నలు పేదోళ్లు, పిల్లల్నెవరు సాదుతరు?" అన్న ఒక్క మాట చాలు, స్టవ్ పేలడానికి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడంటారు. ఇక్కడ కాలిన మనిషి దగ్గర సంతకమే అడిగారు.

ఈ కాలంలో మారినవి కూడా చెప్పాలి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం పేదింటి ఆడవాళ్ల పేరు మీద గ్యాస్ కనెక్షన్ ఇచ్చాయి. రీఫిల్లు కొనలేని నెలల్లో కట్టెల పొయ్యి మళ్లీ వెలిగినా, గాసునూనె స్టవ్ చాలా ఇళ్లలోంచి పోయింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు, కాలిన మనిషిని దవాఖానకు చేర్చడంలో ఫైరింజన్ చెయ్యలేని పని చేసింది. అయినా దూరం తగ్గలేదు. పెద్ద కాలిన గాయమంటే హైదరాబాద్ ఉస్మానియాకు పంపడమే ఆనవాయితీ. కరీంనగర్ నుంచి సుమారు 160, ఆదిలాబాద్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు. ఆ దారిలో పోయిన గంటలు కూడా చావుకు కారణమే.

ఆర్పేవాళ్లలో ఆడవాళ్లు ఎప్పుడు చేరారు? నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాలలో 2002లో హర్షిణి కన్హేకర్ అడుగుపెట్టేదాకా అక్కడ ఒక్క అమ్మాయీ చదవలేదు. 2003లో తమిళనాడు అగ్నిమాపక శాఖలో అధికారిణిగా చేరిన ప్రియా రవిచంద్రన్, 2012లో చెన్నై ఎళిలగం భవనంలో మంటలార్పుతూ కాలిన గాయాల పాలయ్యారు. రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ భూగర్భ గనులకు మహిళల రెస్క్యూ బృందం వచ్చింది. చెయ్యలేరు అన్న వాదన ఇక చెల్లదు. అయితే నాలుగు ఉద్యోగాలతో సరిపెట్టుకోవాలని నేననడం లేదు. ఒంటి మీద మంటతో పరుగెత్తిన ఆడమనిషి ఇంటికి, నిప్పును చదవగలిగిన ఒక స్త్రీ వెళ్లి ప్రశ్నలు అడిగితే, చుట్టుపక్కల ఆడవాళ్లు ఆమెకు చెప్పే జవాబులు వేరుగా ఉంటాయి.

శిక్షణ కూడా మారాలి. ఊరూరా మహిళా సంఘాలున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు, అంగన్‌వాడీ టీచర్లున్నారు. ప్రదర్శన కాలేజీ మైదానం దాటి వాళ్ల దగ్గరికి పోవాలి. కాలిన చోట సిరా, పేస్టు, పసుపు పుయ్యకుండా ధారగా చల్లని నీళ్లు పొయ్యాలని చెప్పాలి. దాంతోపాటు, మంట ఎలా అంటుకుందో ఎవరు అడిగినా నిజం చెప్పే హక్కు ఆమెకుందనీ, వాంగ్మూలం ఇచ్చేటప్పుడు అత్తింటివాళ్లను బయటికి పంపమని అడగొచ్చనీ చెప్పాలి. 101 పక్కన 181 కూడా రాయాలి. ఇంట్లో మనిషి కాలిన ప్రతి సంఘటననూ అగ్నిమాపక కేంద్రానికి తెలియజేసి, కారణం రాయించాలి. ఆస్తి నష్టం పద్దు పక్కనే ఆ వివరం కూడా ఉండాలి. ఇది కొత్త చట్టం అక్కర్లేని పని, ఒక రిజిస్టరులో ఒక గడి గీసే పని.

వచ్చే ఏప్రిల్‌లో మీ ఊరి కాలేజీకీ ఎర్రబండి వస్తుంది. కొంగు దోపుకోమని చెప్పేదాకా వినండి. తర్వాత లేచి, ఈ ఏడాది మన మండలంలో ఎంతమంది ఆడవాళ్లు కాలి చనిపోయారో, వాళ్ల వివరం మీ దగ్గర ఎక్కడుందో అడగండి.